ఆస్టిన్‌లో సీఎస్ (కంప్యూటర్ సైన్స్) సీటు వస్తుందా అని అడిగే ముందు

అమెరికాలో పిల్లలు హైస్కూల్‌కి రాగానే మనవాళ్లు అడిగే మొదటి మాట "కటాఫ్ ఎంతండీ?" అని. ఎంసెట్ అయితే పోయినేడు ఏ కాలేజీలో ఏ బ్రాంచి ఏ ర్యాంకు దగ్గర ఆగిందో చూసి చెప్పేయొచ్చు. ఇక్కడ అలాంటి చార్టు ఉండదు. అలాగని మరీ గాల్లో లెక్కలు వేసుకోవాల్సిన పనీ లేదు, ముఖ్యంగా టెక్సాస్‌లో ఉన్నవాళ్లు.

యూటీ ఆస్టిన్ (ఆస్టిన్‌లోని యూనివర్సిటీ ఆఫ్ టెక్సాస్) సంగతే తీసుకోండి. నెట్‌లో కనబడే మొత్తం అడ్మిషన్ శాతం పట్టుకుని లాభం లేదు, అన్ని మేజర్లూ (మన బ్రాంచిల్లాంటివి), బయటి రాష్ట్రాల పిల్లలూ అందులోనే కలిసిపోయి ఉంటారు. టెక్సాస్ పిల్లలకిచ్చే సీట్లలో 75 శాతం దాకా క్లాస్ ర్యాంకు చూసి నేరుగా ఇచ్చేస్తారు, అది చట్టం. ఆ గీత మొదట్లో టాప్ 10 శాతం, తగ్గుతూ తగ్గుతూ 6కి వచ్చింది, 2026 ఫాల్ (ఆగస్టులో మొదలయ్యే సెమిస్టర్) నుంచి 5. అంటే సీనియర్లు, అంటే పన్నెండో తరగతి పిల్లలు, 500 మంది ఉన్న స్కూల్లో 25 మంది. డాలస్ దగ్గరి ఫ్రిస్కో, కొప్పెల్ వైపు అందరూ ఏపీ (అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్, కాలేజీ స్థాయి) క్లాసులే తీసుకునే చోట ఆ 25లో ఉండటం మాటలు కాదు, ఒకట్రెండు బి గ్రేడ్లు పడితే ర్యాంకు ఎటు పోతుందో చెప్పలేం. రేటింగ్ 10 ఉన్న స్కూలని అద్దె ఎక్కువైనా దిగేవాళ్లు ఇది తెలిసే దిగండి.

తొమ్మిదో పదో తరగతి హైదరాబాద్‌లో చదివి వచ్చిన పిల్లలైతే ఇంకో చిక్కు. ఆ మార్కుల్ని ర్యాంకులో కలుపుతారా, ఉత్తి క్రెడిట్ ఇచ్చి వదిలేస్తారా అన్నది మీ స్కూల్ డిస్ట్రిక్ట్‌ని బట్టి ఉంటుంది. ఫోన్లో కాదు, స్కూల్ కౌన్సెలర్‌కి మెయిల్ పెట్టి రాతపూర్వకంగా జవాబు తీసుకోండి.

అసలు మెలిక వేరే ఉంది. టాప్ 5 శాతంలో ఉంటే గ్యారంటీ యూనివర్సిటీలో సీటుకే, మేజర్‌కి కాదు. సీఎస్, ఇంజనీరింగ్, బిజినెస్ అడిగితే వ్యాసాలు, లెక్కల్లో ఎంతవరకు చదివారు, బయట ఏం చేశారు, మళ్లీ తప్పనిసరి చేసిన శాట్ (కాలేజీ ప్రవేశ పరీక్ష) స్కోరు, అన్నీ చూస్తారు. ర్యాంకు ఉన్నా సరే, సీఎస్‌కి సగం సగం అవకాశం కూడా నేనైతే లెక్కేసుకోను. "ఏదో ఒకదాంట్లో చేరి తర్వాత మారిపోదాంలే" అనే ధీమా అసలు వద్దండీ, లోపలికెళ్లాక సీఎస్‌కి మారడం ఇంకా కష్టం.

చాలా స్కూళ్లలో నేవియాన్స్ గానీ స్కాయర్ గానీ అనే వెబ్‌సైట్ ఉంటుంది, మీ స్కూల్ నుంచి ఎవరికి ఎంత జీపీఏ (గ్రేడ్ల సగటు)తో సీటొచ్చిందో చుక్కల గ్రాఫ్ చూపిస్తుంది. మంచిదే, కానీ ఆ చుక్క హిస్టరీ పిల్లదో సీఎస్ పిల్లాడిదో దాన్ని చూసి తెలియదు. అందుకే కౌన్సెలర్ని సూటిగా అడగండి: గత రెండు మూడేళ్లలో మన స్కూల్ నుంచి ఈ మేజర్‌కి ఏ ర్యాంకువాళ్లకి వచ్చింది? పేర్లు చెప్పరు గానీ అంచనా చెప్తారు.

టెక్సాస్ ఏ అండ్ ఎమ్ అయితే టాప్ 10 శాతానికి నేరుగా ఇస్తుంది, కాకపోతే అక్కడ ఇంజనీరింగ్‌లో మొదటి ఏడాది అందరిదీ జనరలే, ఆ మార్కులతోనే మేజర్ తేలుతుంది. యూటీ డాలస్‌ని చిన్నచూపు చూడకండి, అక్కడా టాప్ 10కి సీటు ఖాయం.

కాలిఫోర్నియాలో ఉన్నవాళ్లు శాట్ టెన్షన్ పెట్టుకోకండి, యూసీలు (యూనివర్సిటీ ఆఫ్ కాలిఫోర్నియా క్యాంపస్‌లు) ఆ స్కోరు అడ్మిషన్‌కి చూడనే చూడవు. పది, పదకొండు తరగతుల గ్రేడ్లతో వాళ్ల జీపీఏ వాళ్లే కడతారు, ఆనర్స్ పాయింట్లు (కష్టమైన క్లాసులకిచ్చే అదనపు పాయింట్లు) 8 సెమిస్టర్లకి మించి కలపరు, కాబట్టి స్కూల్ చెప్పిన 4.6 జీపీఏ చూసి మురిసిపోకండి. ఏ హైస్కూల్ నుంచి ఎంతమంది అప్లై చేశారో, ఎంతమందికి వచ్చిందో యూసీ వెబ్‌సైట్‌లోనే ఉంటుంది.

ఆస్టిన్ ఎర్లీ యాక్షన్‌కి (ముందుగా అప్లై చేసుకునే పద్ధతి) అక్టోబర్ 15 ఆఖరు. పదకొండో తరగతి అయ్యాక ఉన్న ర్యాంకు ఎంతో వేసవి సెలవులకి స్కూల్ మూసేలోపే అడిగి పెట్టుకోండి, తర్వాత కౌన్సెలర్లు దొరకరు.