రెవిట్‌లో ఫ్లోర్ కుదరకపోతే బిమ్ మానేయాలా?

ప్రశ్న: డిప్లొమా సివిల్ ఫైనలియర్ చదువుతూ, సాయంత్రం రెవిట్ (భవనాలను కంప్యూటర్లో త్రీడీ మోడల్‌గా గీసే సాఫ్ట్‌వేర్) కోర్సుకు వెళ్తున్నాను. గోడలు, తలుపులు బాగానే వస్తున్నాయి. ఫ్లోర్, రూఫ్‌లకు బౌండరీ గీసి ఫినిష్ నొక్కితే మాత్రం ‘లైన్స్ మస్ట్ బి ఇన్ క్లోజ్డ్ లూప్స్’ అని ఎర్రర్ వస్తోంది. తోటివాళ్లు ఇట్టే ముగిస్తున్నారు. బిమ్ (బిల్డింగ్ ఇన్ఫర్మేషన్ మోడలింగ్, అంటే ఇలాంటి మోడళ్లతో పనిచేసే రంగం) నాకు సరిపడదేమో, ఈసెట్ రాసి బీటెక్‌కు వెళ్లడమే మంచిదేమో అని టెన్షన్‌గా ఉంది.
– ఒక విద్యార్థిని, ఖమ్మం

జవాబు: ఈ ఎర్రర్ చూసి బిమ్ మీకు రాదని తేల్చేసుకోకండి. ముందు దాని సంగతి చూద్దాం. ఫ్లోర్, రూఫ్, సీలింగ్‌లకు రెవిట్ అడిగేది ఒక్కటే: గీతలన్నీ ఒకదాని కొసకు ఒకటి కలిసి చుట్టూ మూసుకోవాలి. మూలలో చిన్న ఖాళీ ఉన్నా, గీత మూల దాటి కాస్త ముందుకు వెళ్లినా, ఒక గీత మీద ఇంకొకటి పడినా ఒప్పుకోదు. ఎర్రర్ పెట్టెలో ‘కంటిన్యూ’ నొక్కండి. ‘క్విట్ స్కెచ్’ నొక్కితే గీసినదంతా పోతుంది. రంగు మారి కనిపించే గీతల దగ్గరే తప్పు ఉంటుంది. కీబోర్డు మీద టీ, ఆర్ కొట్టి, మూలలో కలవాల్సిన రెండు గీతల్లో ఉంచుకోవాల్సిన భాగాల మీద క్లిక్ చేస్తే మూల కలుస్తుంది. ఒకదానిమీద ఒకటి పడ్డ గీతలు కంటికి ఒకటిగానే కనిపిస్తాయి కాబట్టి, అనుమానం ఉన్నచోట ఒకదాన్ని డిలీట్ చేసి చూడండి. ఇంకో గీత కింద మిగిలి ఉంటే అదే కారణం.

తోటివాళ్లు త్వరగా ముగించారన్నారు. వాళ్లు గీసిన బౌండరీ సరైన చోటే ఉందా? ఎర్రర్ రాకపోతే చాలదు. చుట్టూ మూసుకున్న తప్పు బౌండరీని కూడా రెవిట్ మారుమాట లేకుండా తీసుకుంటుంది. మీ దృష్టి ఉండాల్సింది ఇక్కడే.

మన దగ్గర కాలమ్స్, బీములతో కట్టే ఇల్లే తీసుకోండి. స్లాబ్ బయటి బీము అంచు దాకా వెళ్తుంది, గోడ దాని మీద లేస్తుంది. టైల్స్ మాత్రం గది లోపలి గోడ దగ్గరే ఆగుతాయి. అంటే ఒకే గదికి రెండు ఫ్లోర్లు, రెండు వేర్వేరు బౌండరీలు. ‘పిక్ వాల్స్’తో గోడను ఎంచుకుంటే, రేపు గోడ జరిపినప్పుడు దానితోపాటు ఫ్లోర్ అంచూ జరుగుతుంది. టైల్స్‌కు ఇది చాలా సౌకర్యం. స్లాబ్ అంచును మాత్రం స్ట్రక్చరల్ డ్రాయింగ్ చూసి నిర్ణయించాలి.

ఇక బాత్రూమ్. అక్కడ స్లాబ్ పల్లంగా వేస్తారు కాబట్టి దానికి వేరే ఫ్లోర్ గీయాలి. పెద్ద స్లాబ్ బౌండరీ లోపల బాత్రూమ్ చుట్టూ ఇంకో లూప్ గీస్తే అక్కడ ఖాళీ వస్తుంది. అది మరిచిపోతే ఆ మేరకు కాంక్రీటు రెండుసార్లు లెక్కలోకి వస్తుంది. 2.4 మీటర్లు, 1.5 మీటర్ల బాత్రూమ్‌కు 125 మిల్లీమీటర్ల స్లాబ్ అంటే 0.45 క్యూబిక్ మీటర్లు. పది అంతస్తులు, అంతస్తుకు నాలుగు ఫ్లాట్లు, ఫ్లాటుకు రెండు బాత్రూమ్‌లు వేసుకుంటే 36 క్యూబిక్ మీటర్లు. ఆరు క్యూబిక్ మీటర్లు పట్టే ట్రాన్సిట్ మిక్సర్లు (కాంక్రీటు తెచ్చే లారీలు) ఆరు! ఇంటర్వ్యూలో పీడీఎఫ్ ప్లాన్ ఇచ్చి మోడల్ చేయమంటే, అనుభవమున్నవాళ్లు ఇలాంటి చోట్లే చూస్తారు. సివిల్ చదివిన మీకు ఇది అర్థమవుతుంది. సాఫ్ట్‌వేర్ మాత్రమే నేర్చుకున్నవారికి ఎవరో ఒకరు చెప్పాలి. మెట్ల ఖాళీ అన్ని అంతస్తుల్లో ఒకేచోట వస్తుంటే ప్రతి ఫ్లోర్‌లో లూప్ గీయకుండా ‘షాఫ్ట్’ వాడండి. ఒకచోట మారిస్తే అన్ని అంతస్తుల్లో మారుతుంది.

ఈసెట్ తప్పకుండా రాయండి. బిమ్ కోసం దాన్ని వదులుకోనవసరం లేదు. బీటెక్ సివిల్‌లో స్ట్రక్చర్స్ లోతుగా చదివితే మోడలర్ నుంచి కోఆర్డినేటర్ స్థాయికి ఎదగడం తేలికవుతుంది. ఇంట్లో డబ్బు ఇబ్బంది ఉంటే డిప్లొమాతోనే మోడలర్‌గా చేరవచ్చు, అదేమీ తక్కువ దారి కాదు. ఆర్కిటెక్ట్ కావాలనుకుంటే మాత్రం దారి వేరు: నాటా వంటి ప్రవేశ పరీక్ష రాసి, ఐదేళ్ల బీఆర్క్ చదివి, కౌన్సిల్ ఆఫ్ ఆర్కిటెక్చర్‌లో నమోదు కావాలి. 1972 నాటి చట్టం ప్రకారం నమోదైనవారే ఆ పేరు పెట్టుకోవాలి. మోడలర్ ఉద్యోగానికి ఆ నమోదు అక్కర్లేదు.

ఈలోగా రెండు పనులు చేయండి. దగ్గర్లో స్లాబ్ వేస్తున్న సైటుకు, మేస్త్రీ అనుమతితో, సెంట్రింగ్ కట్టే రోజునే వెళ్లండి. బాత్రూమ్ దగ్గర, మెట్ల దగ్గర, బాల్కనీ అంచున చెక్కలు ఎక్కడ ఆగాయో టేపుతో కొలిచి రాసుకోండి. తర్వాత ఆ ఇంటినే రెవిట్‌లో కట్టి, కాంక్రీటు షెడ్యూల్ (పరిమాణాల పట్టిక) తీసి, చేత్తో వేసిన లెక్కతో పోల్చండి. రెవిట్ తయారుచేసే ఆటోడెస్క్ సంస్థ విద్యార్థులకు ఏడాది లైసెన్సు ఉచితంగా ఇస్తుంది, చదువుతున్నంత కాలం పొడిగించుకోవచ్చు. కాబట్టి పైరసీ కాపీ జోలికి వెళ్లకండి. రెజ్యూమేతో ఆ మోడల్, ఆ రెండు లెక్కలు జతచేసి పంపండి.