నక్కల బెడదకు తగిన రైఫిల్: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ప్రశ్న: మేము గుంటూరు జిల్లా నుంచి వచ్చి ఆస్ట్రేలియాలోని విక్టోరియా రాష్ట్రంలో, బెండిగోకు కొంత దూరంలో స్థిరపడ్డాం. ఇటీవల సుమారు 100 ఎకరాల పొలం కొని గొర్రెలు పెంచుతున్నాం. గొర్రెలు ఈనే కాలంలో నక్కలు పిల్లలను ఎత్తుకుపోతున్నాయి. కుందేళ్ల కోసం కొన్న .22 రైఫిల్ ఒకటి ఉంది. అదే చాలని పక్క పొలం రైతు అంటారు. షూటింగ్ క్లబ్బులోని మిత్రులు .22-250 కొనమంటున్నారు. దుకాణదారు మాత్రం, రేపు జింకల వేటకూ పనికొస్తుందని .243 చూపించారు. వీటిలో ఏది సరైనది?
– ఒక పాఠకుడు, విక్టోరియా

జవాబు: ఈ మూడూ కాకుండా .223 రెమింగ్టన్ అనే తూటాను కాల్చే రైఫిల్ తీసుకోవడం మంచిదని మా అభిప్రాయం. అక్కడి ఎర్రనక్క బరువు సాధారణంగా నాలుగు నుంచి ఎనిమిది కిలోలకు మించదు కనుక దాన్ని పడగొట్టడానికి పెద్ద బలం అక్కరలేదు. గుండె, ఊపిరితిత్తులు ఉండే చోటు అరచేతి వెడల్పుకు మించి ఉండదు కాబట్టి, రాత్రిపూట, గాలిలో, దూరం సరిగా తెలియని స్థితిలో కూడా గుండు ఆ చోటికే చేరడం ముఖ్యం. క్యాలిబర్ (తూటా కొలత) గురించిన చర్చంతా నిజానికి ఈ ఒక్క అవసరం చుట్టూ తిరగాలి.

ముందు మీ .22 సంగతి చూద్దాం. .22 లాంగ్ రైఫిల్ తూటాలో 40 గ్రెయిన్ల, అంటే సుమారు 2.6 గ్రాముల సీసపు గుండు ఉంటుంది. గొట్టం దాటేటప్పుడు దాని శక్తి 190 జౌళ్ల ప్రాంతంలో ఉండి, 100 మీటర్లు వెళ్లేసరికి అందులో దాదాపు మూడో వంతు తగ్గిపోతుంది. నిలకడైన చేయి ఉన్నవారు 50 మీటర్ల లోపు తలకు గురిపెట్టి కొడితే నక్క పడిపోవచ్చు గాని, అంతకు మించిన దూరంలో గాయపడి పొదల్లోకి పారిపోయి బాధపడుతూ చస్తుంది. పైగా ఈ గుండు నెమ్మదిగా పోతుంది, నేల తగిలినా ముక్కలు కాదు, రాయి తగిలితే దిశ మార్చుకుని ఎటో దూసుకుపోతుంది. చిన్న తుపాకీ కదా అని చాలామంది నిర్లక్ష్యం చేస్తారు గాని, ఆ గుండు ఒకటిన్నర కిలోమీటరు దాకా ప్రమాదకరమే. వేగంగా పోయే పలుచని తొడుగు గుండు నేలను తాకగానే చాలావరకు ముక్కలైపోతుంది కనుక ఈ ఒక్క విషయంలో .223 దాని కంటే మెరుగు. అయితే నేలను తాకకుండా పోయిన .223 గుండు మూడు కిలోమీటర్లకు పైగా వెళ్లగలదు. అందువల్ల గట్టుగాని, మట్టి కొండవాలుగాని వెనుక లేనప్పుడు, నక్క ఎంత దగ్గరగా నిలబడినా ట్రిగ్గర్ నొక్కకూడదు.

.22-250, .223 రెండింటి గుండూ ఒకటే కొలతది, వ్యాసం 5.7 మిల్లీమీటర్లు. తేడా అంతా గుండు వెనుక ఉన్న ఇత్తడి డొప్పలో పట్టే తుపాకీ మందులో ఉంది. మొదటి దానిలో సుమారు 35 గ్రెయిన్లు, రెండవ దానిలో సుమారు 25 గ్రెయిన్లు పడతాయి. ఫలితంగా 55 గ్రెయిన్ల గుండు .223 లో సెకనుకు 990 మీటర్ల ప్రాంతంలో, .22-250 లో 1,120 మీటర్ల ప్రాంతంలో బయలుదేరుతుంది. 250 మీటర్లు దాటిన తరువాత ఈ తేడా బాగా పనిచేస్తుంది. కాని స్పాట్‌లైటు వెలుతురులో ఆ దూరాన నక్కను నమ్మకంగా కొట్టగలవారు క్లబ్బులో ఉన్నంతమంది పొలంలో ఉండరు. ఎక్కువ మందు వల్ల తుపాకీ గొట్టం త్వరగా వేడెక్కి అరుగుతుంది, ఖర్చూ పెరుగుతుంది, చప్పుడు కూడా ఎక్కువ. విక్టోరియాలో సాధారణ లైసెన్సుదారులకు సైలెన్సర్ అనుమతి లేదు కాబట్టి ఈనుతున్న మంద పక్కన ఈ చప్పుడు చిన్న విషయం కాదు.

.243 వించెస్టర్ చక్కని తూటాయే. 58 గ్రెయిన్ల నుంచి 100 గ్రెయిన్ల దాకా గుండ్లు దొరకడం దాని సుగుణం. అయితే జింకల పేరు చెప్పి దాన్ని చూపించిన దుకాణదారు ఒక మాట దాటవేసి ఉండవచ్చు. విక్టోరియాలో విస్తారంగా పెరిగిన జింక సాంబర్, అంటే మన నల్లమలలో తిరిగే కణుజే. దాన్ని వేటాడాలంటే కనీసం .270 క్యాలిబరు, 130 గ్రెయిన్ల గుండు ఉండాలని అక్కడి నిబంధన. .243 చట్టబద్ధంగా పనికొచ్చేది ఫాలో వంటి చిన్న జింకలకే. జింకల మాట మీ మనసులో లేకపోతే నక్క కోసం ఆ రైఫిల్ భుజానికి కొట్టే ఎదురుదెబ్బ, చప్పుడు రెండూ అనవసరం.

.223 కొన్న తరువాత 50 లేదా 55 గ్రెయిన్ల మెత్తని ముక్కు లేక ప్లాస్టిక్ ముక్కు గుండ్లు వాడండి. పూర్తి లోహపు తొడుగు గుండ్లు లోపల విచ్చుకోకుండా దూసుకుపోయి నక్కను గాయపరచి వదిలేస్తాయి కనుక అవి వద్దు. స్కోపును 100 మీటర్ల దగ్గర గుండు మూడు సెంటీమీటర్లు పైన తగిలేట్టు సరిచేసుకుంటే, 200 మీటర్ల దాకా గుండు గురికి ఐదు సెంటీమీటర్లకు అటూ ఇటూ ఉంటుంది. దూరం లెక్కలతో తంటా పడకుండా నేరుగా రొమ్ముకు గురిపెట్టవచ్చు. మీ .22 ‘ఎ’ వర్గానికి చెందింది, .223 వంటి సెంటర్‌ఫైర్ (తూటా అడుగు మధ్యలో పిన్ను తగిలి పేలే) బోల్టు రైఫిల్ (ప్రతి తూటానూ చేత్తో ఎక్కించేది) ‘బి’ వర్గానికి చెందుతుంది. అందుకని లైసెన్సులో ఆ వర్గం చేర్పించుకుని, తుపాకీ కొనడానికి వేరుగా అనుమతి తీసుకోవాలి. తూటాలను తుపాకీతో కలపకుండా విడిగా తాళం వేసి ఉంచాలి. రాత్రి లైటులో మెరిసే కళ్లను మాత్రమే చూసి ఎన్నడూ కాల్చవద్దు. గొర్రెకూ, పొరుగువారి కాపలా కుక్కకూ కళ్లు మెరుస్తాయి.

మీ ప్రశ్నలో లేని ఒక విషయం కూడా చెప్పాలి. నక్క కొరికిన ప్రతి గొర్రెపిల్లనూ నక్కే చంపిందని అనుకోవద్దు. చలికీ, తల్లి పాలు అందకా చచ్చిన పిల్లలే ఎక్కువ, నక్క తరచుగా వాటినే తింటుంది. కళేబరం చర్మం ఒలిచి చూడండి. కాటు చుట్టూ రక్తం గూడుకట్టి కమిలి ఉంటే ప్రాణం ఉండగా కరిచినట్టు, కమలకపోతే చచ్చాక కరిచినట్టు. ఊపిరితిత్తి ముక్క నీటిలో మునిగితే ఆ పిల్ల పుట్టి ఊపిరి తీసుకోనేలేదు. ఈ పరీక్ష చేయకుండా వెయ్యి డాలర్ల రైఫిల్ కొన్నా పిల్లల మరణాలు తగ్గకపోవచ్చు. ఒక పొలంలో నక్కలను కాల్చినంత మాత్రాన బెడద తీరదు, ఖాళీ అయిన చోటికి పక్కవి వస్తాయి. ఇరుగుపొరుగు రైతులు కలిసి ఒకే వారంలో విషపు ఎరలు పెట్టడం, కాల్చడం చేస్తే ఫలితం ఉంటుంది. వార్నంబూల్ దగ్గరి మిడిల్ ఐలాండ్‌లో పెంగ్విన్లను నక్కల నుంచి కాపాడడానికి 2006 నుంచి మరెమ్మా జాతి కాపలా కుక్కలను వాడారు. గొర్రెల మందకూ ఆ కుక్కలే మంచి కాపలా.

ప్రశ్న: మాకు 20 ఎకరాలు, కొన్ని కోళ్లు మాత్రమే ఉన్నాయి. నక్క కోసం .17 హెచ్ఎంఆర్ సరిపోతుందా?
– ఒక పాఠకురాలు, న్యూ సౌత్ వేల్స్

జవాబు: 100 మీటర్ల లోపు, గాలి లేని రాత్రి అయితే సరిపోతుంది. 2002లో వచ్చిన ఈ తూటా 17 గ్రెయిన్ల చిన్న గుండును సెకనుకు 770 మీటర్ల పైచిలుకు వేగంతో పంపుతుంది, చక్కగా సూటిగా పోతుంది. కాని గుండు తేలిక కావడంతో పక్కగాలికి ఇట్టే జరుగుతుంది. కోళ్ల గూటి దగ్గర కాపు కాసేవారికి ఇది నచ్చుతుంది. అసలు మీ పొలం అంచు నుంచి పక్క ఇల్లు కనబడుతుంటే ఏ రైఫిలూ వద్దనే చెబుతాం. నక్క తవ్వి దూరకుండా తీగ వలను నేలలోకి కొంత లోతు దింపి, చీకటి పడకముందే కోళ్లను లోపల వేసి తలుపు బిగించడం మీకు చాలు.

ప్రశ్న: మా గొర్రెపిల్లలను కూడా నక్కలు పట్టుకుపోతున్నాయి. మాకు లైసెన్సు తుపాకీ ఉంది. కాల్చవచ్చా?
– ఒక పాఠకుడు, అనంతపురం

జవాబు: కాల్చకూడదు. ఆస్ట్రేలియాలో నక్క 19వ శతాబ్దంలో వేట సరదా కోసం తెల్లవారు తెచ్చి వదిలిన జంతువు, అక్కడ చట్టం దాన్ని చీడగా చూస్తుంది. మన దేశంలో గుంటనక్క, నక్క రెండూ 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం రక్షణలో ఉన్నవి. లైసెన్సు ఉన్నా వాటిని చంపడం నేరమే. మీరు రాత్రిపూట పిల్లలను గంపల కిందో, ముళ్లకంప దడి కట్టిన దొడ్డిలోనో ఉంచి, మందతో కుక్కలను పడుకోబెట్టండి. నష్టం ఎక్కువగా ఉంటే అటవీ శాఖ రేంజి కార్యాలయంలో రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వండి.