పాత నోటు చేతికి రాకుండా కొత్త నోటుపై సంతకం వద్దు

ప్రశ్న: సార్, మాది ఖమ్మం. ప్రైవేటు ఉద్యోగం, చేతికి 32 వేలు వస్తాయి. నిరుడు పాత కంపెనీ మూతపడి మూడు నెలలు ఖాళీగా ఉన్నాను. అప్పటి నుంచి అంతా తలకిందులైంది. ఒక ఫైనాన్స్ కంపెనీలో పర్సనల్ లోన్ ఇంకా 2.4 లక్షలు ఉంది, మూడు ఈఎంఐలు తప్పాయి. రికవరీ వాళ్లు మా ఆఫీసులో అమ్మాయికి, మా అక్కకి కూడా ఫోన్లు చేస్తున్నారు. ఊళ్లో తెలిసినాయన దగ్గర లక్షన్నర ప్రామిసరీ నోటు మీద నూటికి రెండు రూపాయల వడ్డీకి తెచ్చాను. సంతకం పెట్టిన ఖాళీ చెక్కు కూడా ఇచ్చాను. ఇరవై నెలల వడ్డీ కట్టాను, పదహారు నెలలది బాకీ. మూడేళ్లు నిండుతున్నాయని, వడ్డీ కలిపి 1,98,000కి నోటు తిరగరాయమంటున్నాడు. ఇది చాలదన్నట్టు ఈఎంఐలో కొన్న 38 వేల ఫ్రిజ్‌కి నాలుగో నెలలోనే కూలింగ్ పోయింది. లోక్ అదాలత్ నుంచి నోటీసు కూడా వచ్చింది. నన్ను అరెస్టు చేస్తారా? మా బావమరిది 'ఐపీ (దివాలా పిటిషన్) పెట్టెయ్ బావా' అంటున్నాడు. పేరు వేయకండి.

జవాబు: మీ ఉత్తరం పెద్దది, పైన కుదించాను. అందులో రికవరీ ఫోన్ల గురించి రెండు పేజీలు రాశారు, నోటు గురించి నాలుగు లైన్లు, చెక్కు గురించి ఒకే ఒక్క లైను. నాకు టెన్షన్ పుట్టించింది ఆ ఒక్క లైనే. నేను లాయర్ని కాదు, లెక్కలు చూసేవాణ్ని. అప్పుల్లో ఉన్నవాళ్ల ఎదురుగా కూర్చుని వాళ్ల కాగితాలు తిరగేయడమే నా పని కాబట్టి ఏ కాగితం ఏం చేయగలదో కొంత తెలుసు. దావా దాకా వెళ్తే మాత్రం లాయర్ని పెట్టుకోవాల్సిందే.

అరెస్టు సంగతి ముందే తేల్చేద్దాం. అప్పు కట్టలేకపోవడం నేరం కాదు, అది సివిల్ వ్యవహారం. కోర్టు డిక్రీ ఇచ్చాక కూడా, దగ్గర డబ్బుండి ఎగ్గొడుతున్నాడని తేలితే తప్ప సివిల్ జైలు మాట రాదు. లేక కట్టలేనివాణ్ని జైల్లో పెట్టకూడదని సుప్రీంకోర్టు 1980లో జాలీ జార్జ్ వర్గీస్ కేసులోనే చెప్పింది. జీతం అటాచ్ చేసినా మొదటి వెయ్యి, మిగిలినదాంట్లో మూడింట రెండొంతులు ముట్టుకోకూడదు. మీ 32 వేల మీద ఆ లెక్క వేస్తే నెలకు 10,333కి మించి రాదు. బట్టలు, వంటగిన్నెలు, పరుపులు జప్తు చేయకూడదు. మతాచారం ప్రకారం స్త్రీ తీయకూడని ఆభరణాలూ అంతే. 'మీ ఆవిడ మెళ్లో పుస్తెలు కూడా లాక్కెళ్తాం' అని ఏజెంటు అన్నాడని రాశారు కదా, 1908 నాటి సివిల్ ప్రొసీజర్ కోడ్‌లో 60వ సెక్షన్ అతను చూసి ఉండడు.

చెక్కు దారి మాత్రం వేరు. చెక్కు బౌన్సయితే అది క్రిమినల్ కేసు. రెండేళ్ల దాకా జైలు, లేదా చెక్కు మొత్తానికి రెండింతల దాకా జరిమానా, లేదా రెండూ. ఖాళీ చెక్కు కదా, అంకెలు అప్పిచ్చినాయనే నింపాడని చెప్తే సరిపోతుందనుకోకండి. సంతకం మీదైతే, మిగతాది ఎవరి చేతిరాత అయినా, బాకీ కోసమే ఇచ్చారని కోర్టు ముందుగా అనుకుంటుంది. కాదని చూపించాల్సిన బరువు మీ మీదే పడుతుంది. సుప్రీంకోర్టు 2019లోనూ ఇదే చెప్పింది. 'స్టాప్ పేమెంట్' పెట్టినా, ఏకంగా ఖాతానే మూసేసినా కేసు తప్పదు. ఖాతా మూసేసి తెలివైన పని చేశామనుకుని నా దగ్గరికి వచ్చినవాళ్లు చాలామందే ఉన్నారు.

ఈ కేసుకి తేదీలు ముఖ్యం. చెక్కు తిరిగొచ్చిందని తెలిసిన 30 రోజుల్లో ఆయన మీకు లీగల్ నోటీసు పంపాలి. అది అందిన 15 రోజుల్లో డబ్బు కట్టేస్తే కేసు లేదు. కట్టకపోతే ఆ తర్వాత నెల లోపు ఆయన కోర్టులో ఫిర్యాదు వేయాలి. పోలీసులు ఇంటికి రారు, ముందు సమన్లు వస్తాయి. ఇది బెయిలబుల్ నేరం. వాయిదాలకు వెళ్లకుండా ఎగ్గొడితేనే వారెంటు దాకా పోతుంది. పోస్ట్‌మ్యాన్‌ని బతిమాలి కవరు మీద 'డోర్ లాక్' అని రాయించి పంపేసే అలవాటు మన దగ్గర ఉంది. దానివల్ల ఒరిగేదేమీ లేదు, సరైన అడ్రసుకు పంపిన నోటీసు అందినట్టే లెక్క. తీసుకోండి, తేదీ రాసుకోండి, పదిహేను రోజుల్లో లాయరు చేత రిప్లై నోటీసు ఇప్పించండి.

ఇప్పుడు నోటు. ప్రామిసరీ నోటుకి మూడేళ్లు దాటితే కాలదోషం పడుతుంది, దాని మీద దావా నిలబడదు. అందుకే ఆయనకి ఈ నెలలో తొందర. గడువు దాటేదాకా ఫోన్ ఎత్తకుండా ఉంటే పోలేదా అని మీ బావమరిది అన్నారట. అవతలాయన లాయరు దగ్గరికి వెళ్లడానికి అరగంట చాలు. గడువుకి ఒక రోజు ముందు దావా పడినా అసలు, వడ్డీ, కోర్టు ఖర్చులు కలిపి మీ నెత్తిన పడతాయి. పైగా ఆ చెక్కు ఆయన బీరువాలో ఉంది. ఇవన్నీ పక్కన పెట్టినా, అవసరానికి డబ్బిచ్చిన మనిషి. ఎగ్గొట్టే దారి నన్ను అడగొద్దు.

అలాగని ఆయన చెప్పినట్టు తిరగరాయొద్దు. లెక్క చూడండి. లక్షన్నర మీద ఇప్పుడు నెలకు వడ్డీ 3,000. బాకీ ఉన్న 48 వేలు అసల్లో కలిపి 1,98,000కి రాస్తే రేపటి నుంచి నెలకు 3,960. అదీ కట్టలేక మళ్లీ మూడేళ్లకి తిరగరాస్తే 3,40,560. తీసుకున్నది లక్షన్నరే. పల్లెల్లో ఎకరాలు పోయింది తొలి అప్పు వల్ల కన్నా ఇలాంటి తిరగరాతల వల్లేనని నా అనుమానం.

ఆయనకి కావలసింది గడువు పెరగడమే అయితే దానికి కొత్త నోటు అక్కర్లేదు. కొంత డబ్బు కట్టి, పాత నోటు వెనక ఎంత కట్టారో తేదీతో చెల్లు రాసి మీరు సంతకం పెడితే, ఆ రోజు నుంచి మళ్లీ మూడేళ్లు వస్తాయి. అసలు లక్షన్నరగానే ఉంటుంది, వడ్డీ మీద వడ్డీ పడదు. ఈ మాట ఆయనకి చెప్పండి, వడ్డీ వ్యాపారంలో ఉన్నవాళ్లకి ఇది కొత్తేమీ కాదు. ఒకవేళ కొత్త నోటే కావాలని పట్టుబడితే, పాత నోటు, చెక్కు రెండూ మీ చేతికి వచ్చాకే సంతకం. 'ఇంట్లో ఎక్కడో ఉంది, తర్వాత చింపేస్తాలే' అంటే మీరూ సంతకం తర్వాతే పెడతానని చెప్పండి. పాత నోటు ఒకచోట, కొత్త నోటు ఒకచోట, రెండు దావాలు పడ్డ కుటుంబాన్ని నేను చూశాను.

ఇరవై నెలల వడ్డీ, అంటే 60 వేలు, చేతికే ఇచ్చానన్నారు. నోటు వెనక ఒక్క చెల్లు కూడా లేదన్నారు. అది మీ పొరపాటు, ఇక మీద ఒక్క రూపాయి కూడా నగదుగా ఇవ్వొద్దు. ఫోన్‌పేలోనో బ్యాంకు ఖాతాకో పంపండి. అసలుకి కొంత జమ చేసిన ప్రతిసారీ రాతలో పెట్టించండి, చెక్కు విషయంలోనూ అది అక్కరకొస్తుంది. చెక్కు ఇచ్చాక కొంత బాకీ తీరిపోయి, ఆ సంగతి చెక్కు మీద రాయకుండా మొత్తానికీ బ్యాంకులో వేస్తే ఆ కేసు నిలవదని 2022లో సుప్రీంకోర్టు తేల్చింది. అయితే తీరిందని మీరు చూపించగలగాలి కదా. ఇక 20 వేలు, ఆ పైన అప్పు తీర్చేటప్పుడు నగదుగా ఇవ్వడం ఇన్‌కమ్ ట్యాక్స్ చట్టమే ఒప్పుకోదు. ఆయన 'క్యాషే కావాలి' అంటే ఈ మాట వాడుకోండి.

నన్నడిగితే ఈ అప్పుని సాగదీయకుండా ముందు దీన్నే తీర్చేయాలి. మీ ఆవిడ దగ్గర బంగారం ఉందని రాశారు. బ్యాంకులో బంగారం మీద అప్పు నూటికి రూపాయి లోపే దొరుకుతుంది. ఒక్కసారిగా డబ్బు కళ్లముందు కనిపిస్తే వడ్డీలో కొంత తగ్గించేవాళ్లే ఎక్కువ. 1,75,000కి బేరం కుదిరిందనుకుందాం. బ్యాంకు వడ్డీ నెలకు 1,750 కూడా దాటదు, తిరగరాస్తే కట్టాల్సింది 3,960. డబ్బు ఖాతాలో వేసిన రోజే నోటు, చెక్కు వెనక్కి తీసుకోండి. కానీ బంగారం ఆవిడది. ఆవిడ మనస్ఫూర్తిగా ఒప్పుకుంటేనే ఈ దారి, లేకపోతే చెల్లు దారి.

ఇక ఫోన్లు. ఉదయం 8కి ముందు, సాయంత్రం 7 తర్వాత వసూలు కోసం ఫోన్ చేయకూడదని 2022 ఆగస్టులో రిజర్వు బ్యాంకు చెప్పింది. ఇంట్లోవాళ్లని, స్నేహితులని వేధించడం, నలుగురిలో పరువు తీయడం కూడా కుదరదు. మీ ఆఫీసు అమ్మాయికి వచ్చిన కాల్ టైము, నంబరు ఆమెనే స్క్రీన్‌షాట్ తీసి పంపమనండి. ఫైనాన్స్ కంపెనీ గ్రీవెన్స్ ఆఫీసరుకి మెయిల్ పెట్టండి, ఫోన్‌లో చెప్పి ఊరుకోవద్దు. 30 రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చింది నచ్చకపోయినా రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కి ఫిర్యాదు చేయొచ్చు. రుసుము లేదు, లాయరు అక్కర్లేదు. సందేహాలుంటే 14448. అంబుడ్స్‌మన్ మీ అప్పు మాఫీ చేయరు, ఆ ఆశ పెట్టుకోకండి. 'అరెస్ట్ వారెంట్' అని వాట్సాప్‌లో వచ్చిన పీడీఎఫ్ నాకు పంపారు. అందులో కేసు నంబరు లేదు, కోర్టు పేరు సరిగా లేదు. నిజమైన కేసయితే ఈకోర్ట్స్ యాప్‌లో నంబరు కొడితే కనిపిస్తుంది.

లోక్ అదాలత్ నోటీసు ఈ పర్సనల్ లోన్‌దే. దానికి భయపడకుండా వెళ్లండి. అక్కడ ఎవరూ మీ మీద తీర్పు రుద్దరు, ఇద్దరూ ఒప్పుకుంటేనే రాజీ. ఒప్పుకోకపోతే లేచి వచ్చేయొచ్చు. కానీ సంతకం పెట్టారా, అది సివిల్ కోర్టు డిక్రీతో సమానం, అప్పీలు లేదు. అందుకే ఆ రోజు అక్కడి హడావుడిలో పెద్ద అంకెకి తలూపకండి. నెలకు ఎంత కట్టగలరో ఇంట్లోనే కాగితం మీద రాసుకుని వెళ్లండి. ఈఎంఐ గడువు పెంచి కిస్తు తగ్గించమని అడగడం ఒక పద్ధతి, కొంత మాఫీ చేయించుకుని ఒకేసారి కట్టడం ఇంకొకటి. రెండోదానిలో సిబిల్ రిపోర్టులో 'క్లోజ్డ్' బదులు 'సెటిల్డ్' అని పడుతుంది. రేపు ఇంటి లోన్‌కి వెళ్తే అది అడ్డుపడుతుంది. ఉద్యోగం ఉంది కాబట్టి మీకు మొదటిదే మంచిది. అన్నట్టు, లోన్ కాగితాల్లో కో-అప్లికెంట్‌గా మీ ఆవిడ సంతకం ఉంటే, ఆవిడ ఆదాయం ఎంతైనా జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఉచితంగా లాయర్ని ఇస్తుంది. 15100కి ఫోన్ చేస్తే చాలు.

ఐపీ వద్దు. అది 1920 నాటి దివాలా చట్టం. 500 రూపాయల అప్పుంటే చాలు, పిటిషన్ వేయొచ్చన్న నిబంధన ఇప్పటికీ అందులో ఉంది! దాన్ని బట్టే ఎంత పాతదో చూడండి. ఆస్తుల జాబితా మొత్తం కోర్టుకి ఇవ్వాలి. గత రెండేళ్లలో ఎవరి పేరనైనా ఆస్తి రాసి ఉంటే దాన్నీ తిరగదోడొచ్చు. చెక్కు కేసు దానివల్ల ఆగదు. నెల జీతం ఉన్న మనిషి నాలుగు లక్షల అప్పుకి అంతదూరం వెళ్లక్కర్లేదు.

ఫ్రిజ్ ఈఎంఐ మాత్రం ఆపకండి. ఫ్రిజ్ చెడింది కాబట్టి కట్టనంటే ఫైనాన్స్ వాళ్లు వినరు, సిబిల్ పాడయ్యేది మీదే. వస్తువు గొడవ వేరుగా తేల్చుకోండి. ముందు వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫిర్యాదు చేయండి, చాలా కంపెనీలు అక్కడే దిగొస్తాయి. కాకపోతే షాపుకీ కంపెనీకీ స్పీడ్ పోస్టులో నోటీసు, ఆ తర్వాత ఖమ్మం జిల్లా వినియోగదారుల కమిషన్. కంపెనీ ఆఫీసు ఎక్కడున్నా మీరు ఉండే చోటే కేసు వేయొచ్చు. ఐదు లక్షల లోపు వస్తువుకి ఫీజు లేదు, మీరే వాదించుకోవచ్చు, ఈ-జాగృతి పోర్టల్‌లో ఇంటి నుంచే వేయొచ్చు. గడువు రెండేళ్లు. మూడు నెలల్లో తేల్చాలని చట్టంలో ఉంది గానీ అంతకంటే ఎక్కువే పడుతుందనుకోండి. షాపు, కంపెనీ ఇద్దర్నీ ప్రతివాదులుగా పెట్టండి, అప్పుడు ఒకరి మీదకి ఒకరు తోసుకునే ఆట వాళ్ల మధ్యే సాగుతుంది.

మెకానిక్ మూడుసార్లు వచ్చాడన్నారు. వచ్చిన ప్రతిసారీ జాబ్ షీట్ ఇస్తారు, అడిగి తీసుకోండి. అందులో 'గ్యాస్ లీక్' అని అతని చేత్తోనే రాసి ఉంటే మీకు వేరే సాక్షి అక్కర్లేదు. ఇంకో మాట, నేను దెబ్బతిన్నది కాబట్టి చెప్తున్నా. ఒకసారి ఇన్వర్టర్ బ్యాటరీ గొడవలో ఫైలు భద్రంగా పెట్టుకుని కమిషన్‌కి వెళ్లాను. తీసి చూస్తే బిల్లు తెల్ల కాగితం. ఆ నున్నటి రోల్ పేపర్ మీద అచ్చు కొన్ని నెలలకే ఎగిరిపోతుంది. మీ ఫ్రిజ్ బిల్లు కూడా అలాంటిదే అయితే, ఇవాళ ఆఫీసు నుంచి వచ్చేటప్పుడు జిరాక్స్ తీయించుకుని ఇంటికి వెళ్లండి.