తొండం మీద చీలిక

ప్రశ్న: సార్, మాది తెనాలి. మా నాన్నగారు ఏటా వినాయక చవితికి అచ్చులతో మట్టి విగ్రహాలు చేస్తారు. ఈసారి తల ఒక్కటి బ్లెండర్ అనే త్రీడీ సాఫ్ట్‌వేర్‌లో చేసి, త్రీడీ ప్రింట్ తీయించి, దాని మీద అచ్చు తీద్దామనుకున్నాం. సగం ముఖం చేసి, డూప్లికేట్ తీసి, ఎడమ కుడి తిరగబడేలా ఎక్స్‌లో మైనస్ ఒకటి స్కేల్ కొట్టి, కంట్రోల్ జె తో జాయిన్ చేశాను. చూడ్డానికి బాగానే ఉంది గానీ, ఉపరితలాన్ని నున్నగా చేసే సబ్‌డివిజన్ వేయగానే నుదుటి నుంచి తొండం దాకా సందు కనిపిస్తోంది. ప్రింటింగ్ షాపాయన ‘ఫైల్ అంతా కన్నాలే’ అని వెనక్కి పంపాడు. మళ్లీ మొదట్నుంచి చెయ్యాలా?

జవాబు: అక్కర్లేదు. ఒక సగం ఉంచుకుని రెండోది డిలీట్ చేసేయండి.

కంట్రోల్ జె రెండు ఆబ్జెక్టుల్ని ఒక్క ఆబ్జెక్ట్ చేస్తుంది, అంతకు మించి ఏమీ చెయ్యదు. ముందు అచ్చు మట్టినీ వెనక అచ్చు మట్టినీ ఊరికే ఆనించి పెడితే బొమ్మ నిలబడుతుందేమో మీ నాన్నగారిని అడగండి. అతుకు తడిపి, మట్టి మెత్తి రుద్దాలంటారు. ఇక్కడ ఆ పని మెర్జ్‌ది, అంటే అంచు మీది రెండు చుక్కల్ని ఒక్కటి చేయడం. అది జరగలేదు కాబట్టి మధ్యలో ప్రతి చోటా రెండేసి వెర్టెక్స్‌లు, అంటే మూల చుక్కలు, ఉన్నాయి, రెండు సగాలకీ తెరిచిన అంచులు మిగిలాయి. షాపాయన కన్నాలన్నది వాటినే.

ఇంకో సంగతి. మెర్జ్ కాకపోవడం ఒక్కటే తప్పయితే మీకు గీత మాత్రమే కనిపించాలి. సందే కనిపిస్తోందంటే మధ్య వెర్టెక్స్‌లు ఎక్స్ సున్నా మీద, అంటే సరిగ్గా నడిగీత మీద, కూడా లేవన్నమాట. మెర్జ్ కంటే ముందు దీని పని పట్టాలి.

ఆబ్జెక్ట్ మోడ్‌లో కంట్రోల్ ఎ నొక్కి రొటేషన్, స్కేల్ అప్లై చేయండి. ఎడిట్ మోడ్‌లోకి వెళ్లి మధ్య అంచు మొత్తం సెలెక్ట్ చేసి ఎస్, ఎక్స్, సున్నా, ఎంటర్ కొట్టండి. వంకరటింకర అంచు ఒక్క గీతలోకి వస్తుంది. సెలెక్షన్ వదలకుండా షిఫ్ట్ ఎస్ తో త్రీడీ కర్సర్‌ని అక్కడికి తెచ్చి, ఆబ్జెక్ట్ మోడ్‌లో ఆరిజిన్‌ని, అంటే ఆబ్జెక్ట్ మూలబిందువుని చూపే నారింజ చుక్కని, ఆ కర్సర్ దగ్గర పెట్టండి. సగాన్ని అద్దంలోలా రెండో వైపు చూపే మిర్రర్ మాడిఫయర్ తిప్పేది ఆ నారింజ చుక్క చుట్టూనే. అది చెవి దగ్గరో మెడ కిందో ఉంటే ఎన్ని ఆప్షన్లు మార్చినా లాభం లేదు.

క్యూబ్‌తో మొదలుపెట్టి సగం కోసిన వాళ్లకి మధ్యలో ఒక గోడ మిగిలిపోతుంటుంది. ఆ ఫేస్‌లు (పలకలు) తీసేయండి. ఉంచితే అతుకు లోపల ఇరుక్కుని పైన నొక్కు పడుతుంది.

ఇప్పుడు మిర్రర్ వేసి మెర్జ్, క్లిప్పింగ్ (మధ్య వెర్టెక్స్‌లు గీత దాటకుండా ఆపేది) రెండూ పెట్టండి. మాడిఫయర్ల వరుసలో, అంటే స్టాక్‌లో, మిర్రర్ పైన, సబ్‌డివిజన్ కింద ఉండాలి. మెర్జ్ దూరం మామూలుగా 0.001 మీటర్ ఉంటుంది, దాన్ని కదపకండి. ఈ మెర్జ్ ఒక వెర్టెక్స్‌ని దాని ప్రతిబింబంతోనే కలుపుతుంది, పక్కవాటి జోలికి పోదు. చాలామంది ఎం నొక్కి బై డిస్టెన్స్‌లో దూరం పెంచుకుంటూ పోతారు. సందు పూడుతుంది నిజమే, దాంతోపాటు కనురెప్పలూ అతుక్కుపోతాయి. నాకైతే ఆ అలవాటు బొత్తిగా నచ్చదు.

మిర్రర్‌కి అప్లై, అంటే ప్రతిబింబాన్ని నిజమైన రెండో సగం చేసేయడం, మాత్రం తొందరపడి కొట్టకండి. కళ్లు, చెవులు, కుంభస్థలం, రెండు దంతాలు అన్నీ కుదిరేదాకా సగంతోనే పని చేయండి. తొండం కూడా నిటారుగానే చేయండి. అన్నీ అయ్యాక అప్లై కొట్టి, అప్పుడు తొండాన్ని ఎడమకి తిప్పి, ఒక దంతం విరవండి. ఏకదంతుడు కదా, మిర్రర్ ఉండగా విరిస్తే రెండూ పోతాయి! ఆ తర్వాత ఒక సగాన్ని రెండోదాని మీద అచ్చు వేసే సిమెట్రైజ్ మెనూ వైపు వెళ్లకండి, తిప్పిన తొండం మళ్లీ పాడవుతుంది.

షాపుకి పంపే ముందు ఫేస్‌లు ఎటు తిరిగాయో రంగుతో చూపే ఫేస్ ఓరియంటేషన్ ఆన్ చేయండి. ఎర్రగా కనిపించిన ఫేస్‌లు లోపలికి తిరిగినవి. అన్నీ సెలెక్ట్ చేసి షిఫ్ట్ ఎన్ కొట్టండి, బయటికి తిరుగుతాయి. తర్వాత ఎడ్జ్ మోడ్‌లో సెలెక్ట్ మెనూ నుంచి నాన్ మ్యానిఫోల్డ్ (సరిగా మూతపడని అంచులు) ఎంచుకోండి. మెడ కింద తెరిచి ఉంటే అదీ వెలుగుతుంది, మూసేయండి. ఇంకేమీ వెలగకపోతే ఫైల్ పంపొచ్చు.

ప్రశ్న: మాయా అనే ఇంకో త్రీడీ సాఫ్ట్‌వేర్‌లో కూడా ఇంతేనా?

జవాబు: ఇంతే. మెష్ మెనూలో మిర్రర్ పక్కనున్న పెట్టె నొక్కి, బోర్డర్ దగ్గర మెర్జ్ ఎంచుకోండి. మధ్య అంచు తిన్నగా లేకపోతే మాయా కూడా కాపాడదు.

ప్రశ్న: నుదుటి మీద ‘ఓం’ రాస్తే సగం అక్షరం, దాని ప్రతిబింబం వస్తున్నాయి. ఎలా?

జవాబు: రెండు సగాలూ ఒకే యూవీ, అంటే రంగు పరిచే ఒకే చదును పటం, వాడుకుంటున్నాయి. బొట్టుకీ విభూతి రేఖలకీ ఇబ్బంది లేదు, అక్షరానికి మాత్రం కుదరదు. మిర్రర్ అప్లై చేశాక నుదురు వరకు మళ్లీ అన్‌రాప్ చేయండి, అంటే ఆ పటాన్ని కొత్తగా విప్పండి. ప్రింట్ కోసమే అయితే రంగుతో పనేముంది? ‘ఓం’ని ఉబ్బెత్తుగా విడి ఆబ్జెక్ట్ చేసి, మిర్రర్ లేకుండా నుదుటిలోకి కొద్దిగా దింపి, రెండింటినీ ఒక్కటి చేసే బూలియన్ యూనియన్ కొట్టండి.