లాస్ట్ అంటే ‘చివరి’ ఒక్కటేనా?

అడిగిన ప్రశ్న ఏంటంటే, లాస్ట్ అంటే చివరిది కదా, మరి ‘చాలా కాలం మన్నుతుంది’ అనడానికి కూడా అదే మాట ఎందుకు వాడతారు అని. ఇవి ఒకే మాట కాదండి, స్పెల్లింగ్ కలిసిపోయిన వేరువేరు మాటలు. నాకు ఇది డిక్షనరీలో కాదు, బూట్ల ఫ్యాక్టరీలో తెలిసింది.

మాది చిత్తూరు, చదువు అయిపోగానే రాణిపేటలో పనికి చేరా. మొదటి వారంలోనే సూపర్‌వైజర్ అన్న "తమ్ముడూ, ఎనిమిదో సైజు లాస్ట్ పట్టుకురా" అన్నాడు. చివరి జత అడుగుతున్నాడేమో అనుకుని లైను చివరికెళ్ళి చూస్తున్నా, ఆయనే వచ్చి ర్యాక్ లోంచి పాదం ఆకారంలో ఉన్న ప్లాస్టిక్ అచ్చు తీసి చేతిలో పెట్టాడు. మంచి బరువుంది, మధ్యలో మడత బందు. దానిమీద అప్పర్, అంటే బూటు పై భాగం తొడిగి, ముక్కు దగ్గర లాగి పట్టి ఇన్‌సోల్‌కి, అంటే లోపలి అట్టకి అతికిస్తారు, దాన్నే లాస్టింగ్ అంటారు. సోల్ అంటించాక ఆ బందు దగ్గర మడిస్తే అచ్చు పొట్టిదై బూటులోంచి బయటికొస్తుంది. మా లైన్లో అందరూ "లాస్ట్‌లో లాస్ట్ తీసెయ్" అనేవాళ్ళు, రెండు మాటలూ పక్కపక్కనే.

పాత ఇంగ్లీషులో ‘లాస్ట్’ అంటే అడుగుజాడ. అచ్చుకి ఆ పేరు అక్కడిదే, జర్మన్‌లో ఇప్పటికీ లైస్టెన్ అంటారు. ఆ జాడ పట్టుకుని వెళ్ళడం అనే క్రియ మెల్లగా వదలకుండా కొనసాగడం, ఆ తర్వాత మన్నడం అయింది. మనం అడుగుజాడల్లో నడవడం అంటాం చూడండి, ఆ ఊహే. లెర్న్ అనే మాట కూడా ఈ కుటుంబంలోదే అని తెలిసినప్పుడు నాకు నిజంగా ఒళ్ళు పులకరించింది, ఎందుకంటే నేను పని నేర్చుకుంది ఆ అచ్చు పట్టుకునే.

చివరి అనే లాస్ట్‌కి దీంతో సంబంధం లేదు, అది లేట్ లోంచి వచ్చింది, అంటే లేటెస్ట్‌కి అన్న వరస. ఇంకో లాస్ట్ కూడా ఉంది, పాతకాలంలో చేపలకి, ధాన్యానికి వాడిన పెద్ద కొలత, అది ‘బరువు, లోడు’ అనే అర్థమున్న ఇంకో మాట నుంచి వచ్చింది.

మీ ఇంటి దగ్గర పాత పద్ధతిలో చెప్పులు కుట్టేవాళ్ళుంటే వాళ్ళ దగ్గరుండే చెక్క అచ్చు ఒకసారి అడిగి చేత్తో పట్టుకుని చూడండి, వేళ్ళ దగ్గర వంపు, మడమ గుండ్రం అన్నీ తెలుస్తాయి.