పక్కింటావిడ వెర్వెన్ ఆకు ఇచ్చింది, ఏం చేసుకోవాలి అక్కా?

చెల్లీ, నీ ప్రశ్న రెండుసార్లు చదివాను. ఫ్రాన్స్‌లో తూలూజ్ వచ్చి నాలుగు నెలలైందనీ, మీ ఆయన పొద్దున ఎనిమిదికి వెళ్తే రాత్రి ఏడు దాటాక గానీ రారనీ, మొన్న పక్క ఫ్లాట్ పెద్దావిడ ఏదో ఆకు కట్ట చేతిలో పెట్టి "వెర్వెన్, తిజాన్" అని రెండు మాటలు చెప్పి వెళ్ళిపోయిందనీ రాశావు. దాంతో మన టీ పెట్టుకోవచ్చా, చారులో వెయ్యొచ్చా, మొక్క పెంచితే బతుకుతుందా అని అడిగావు. అన్నీ చెప్తాను. నేను వచ్చి పదిహేడేళ్ళు. ఈ ఆకుతో ఎన్ని తప్పులు చెయ్యొచ్చో అన్నీ చేసి నేర్చుకున్నదాన్ని, మళ్ళీ మొదటి నుంచీ నువ్వు చెయ్యక్కర్లేదు.

అది లెమన్ వెర్బెనా. ఇక్కడివాళ్ళు వెర్వెన్ ఒడోరాంత్ అంటారు, అంటే వాసన ఉన్న వెర్వెన్ అని. తిజాన్ అంటే ఆకు వేడినీళ్ళలో ఊరబెట్టి తాగేది. పుట్టిల్లు దక్షిణ అమెరికా, అర్జెంటీనా, చిలీ వైపు. స్పెయిన్‌లో దీనికి మరియా లూయిసా రాణి పేరు మీద పేరొచ్చింది, మొరాకో వాళ్ళు లూయిజా అంటారు. మన నిమ్మగడ్డికి ఆ వాసన ఇచ్చే సిట్రాల్ అనే పదార్థం దీన్లోనూ ఉంది కాబట్టి నలిపితే ఆ వాసనే గుర్తొస్తుంది. కానీ ఇది గడ్డి కాదు, పొద. కణుపుకి మూడేసి ఆకులు, సన్నగా పొడుగ్గా ఉంటాయి, వేలితో రాస్తే గరుగ్గా తగులుతాయి.

నా మొదటి తప్పు వచ్చిన ఏడాదే. కింది అంతస్తు ఆవిడ సీసా నిండా ఎండు ఆకు ఇచ్చింది. ఇంటికి తెచ్చి మన పద్ధతిలో గిన్నెలో పాలు, టీపొడి, దంచిన అల్లం, గుప్పెడు ఆకు వేసి పది నిమిషాలు తెర్లించాను. పచ్చిగడ్డి ఉడకబెట్టిన వాసన, గొంతులో చేదు. మొత్తం సింకులో పోసేశాను. అది పెద్ద విషయం కాదు. మర్నాడు మెట్ల మీద ఆవిడ ఎలా ఉందని అడిగితే, నాకొచ్చిన ఫ్రెంచి నాలుగు ముక్కలే కాబట్టి, బాగుంది అని తల ఊపి గబగబా పైకి వచ్చేశాను. అబద్ధం చెప్పానన్న సిగ్గుతో మూడు నెలలు ఆవిడ తలుపు చప్పుడైతే బయటికి వెళ్ళడం మానేశాను. ఆ మూడు నెలలూ నేను అమ్మతో ఫోన్‌లో తప్ప ఎవరితోనూ నోరు విప్పి మాట్లాడలేదు, ఇండియాలో రాత్రి తొమ్మిదయితే అదీ ఉండదు. సాయంత్రం నాలుగున్నర నుంచి ఆయన వచ్చేదాకా గోడలు చూస్తూ కూర్చోవడం ఎలా ఉంటుందో నువ్వు రాయలేదు గానీ నాకు తెలుసు.

సరే, చేసే పద్ధతి. కప్పుకి ఆరేడు పచ్చి ఆకులు, ఎండువైతే చెంచాడు నలిపి. నీళ్ళు మరిగాక స్టవ్ కట్టేసి ఆకు వేసి మూత పెట్టు. మూత ముఖ్యం, దీని గుణమంతా వాసనలో ఉంది, అది ఆవిరితోనే పోతుంది. ఐదు నిమిషాలు ఆగి వడగట్టు. కావాలంటే తేనె. కెఫీన్ లేదు కాబట్టి రాత్రి భోజనం తర్వాత తాగుతారు, అరుగుదలకీ నిద్రకీ మంచిదని ఇక్కడి పెద్దవాళ్ళ నమ్మకం. పాలు పోస్తే విరుగుతాయేమో అని అడిగావు, విరగవు, నిమ్మ వాసనే గానీ దీన్లో పులుపు లేదు. నా మొరాకో స్నేహితురాలు పాలలోనే చేస్తుంది, కానీ టీపొడీ అల్లమూ లేకుండా, పాలు కాచి దించాక ఆకు వేసి. గర్భంతో ఉన్నా, రోజూ మందులు వాడుతున్నా ఒక మాట ఫార్మసీలో అడుగు.

పులుపు లేదన్నాను కదా, రెండో తప్పు అక్కడే. నిమ్మకాయలు అయిపోయిన రోజు ఈ ఆకు తరిగి పులిహోర పోపులో వేశాను. పులుపు రాలేదు సరికదా, ఆకు గరుకు వల్ల ప్రతి ముద్దా నోట్లో గుచ్చుకుంది. ఇది కరివేపాకులా నూనెలో వేయించేది కాదు. దీన్ని ఊరబెట్టి తీసెయ్యాలి. చారు దించాక ఒక రెమ్మ వేసి మూత పెట్టి, వడ్డించే ముందు తీసెయ్యి, కొత్తిమీర అక్కర్లేదు. సేమ్యా పాయసానికి పాలు కాచినప్పుడు పది ఆకులు వేసి పదిహేను నిమిషాలు ఉంచి వడగట్టి ఆ పాలతో చెయ్యి, యాలకులు మాత్రం వెయ్యకు, రెండూ కలిస్తే ఏదీ తెలియదు. ఎండు ఆకు పంచదారతో మిక్సీ పట్టి జల్లించి పెట్టుకుంటే రవ్వలడ్డులోకి చాలా బాగుంటుంది. ఇది నా సొంతం, ఇక్కడి మన తెలుగువాళ్ళ ఉగాదికి మూడేళ్ళుగా నేనే చేసి పట్టుకెళ్తున్నాను.

కొనేటప్పుడు ప్యాకెట్ మీద ఒడోరాంత్ అని ఉందో లేదో చూడు. వెర్వెన్ ఒఫిసినాల్ అని వేరే మొక్క ఉంది, నిమ్మ వాసన ఉండదు, చేదు. నేను చదవకుండా రెండు ప్యాకెట్లు కొన్నాను. అలాగే భోజనాల దగ్గర ఎవరైనా చిన్న గ్లాసులో వెర్వెన్ ఇస్తే తిజానా, లికరా (తియ్యటి మద్యం) అని అడుగు. ల పుయి అనే ఊరి వైపు 1859 నుంచి ఆ పేరుతో లికర్ చేస్తారు, ఆకుపచ్చ రంగుదాన్లో ఆల్కహాల్ 55 శాతం.

మొక్క సంగతి. కుండీలో పెట్టు, ఎండ బాగా తగలాలి, నీళ్ళు నిలవకూడదు. నేను ఇక్కడ తూలూజ్‌లో ఆదివారం పెట్టే సెంతోబాన్ సంతలో కొన్నాను, ఎండాకాలమంతా కళకళలాడింది. నవంబర్‌లో ఆకులు పండి రాలడం మొదలైంది, డిసెంబర్‌కి మోడు. రోజూ నీళ్ళు పోశాను, దాని ముందు కూర్చుని ఏడ్చాను కూడా, ఈ ఊళ్ళో నాది అని చెప్పుకోవడానికి ఉన్న ఒకే ఒక్క ప్రాణి అది. ఫిబ్రవరిలో కుండీతో సహా చెత్త దగ్గర పెట్టొచ్చాను. సాయంత్రానికి కింది ఆవిడ ఆ కుండీ పట్టుకుని మా తలుపు కొట్టింది. మాటల్లేవు. గోరుతో కొమ్మ బెరడు కాస్త గీకి చూపించింది, లోపల పచ్చగా ఉంది. మే అని వేలితో క్యాలెండర్ చూపించింది. నిజంగానే ఏప్రిల్ ఆఖరు దాకా ఏమీ లేదు, మేలో కణుపు కణుపుకీ చిగురు వచ్చింది. ఇది చలికి ఆకు రాల్చే మొక్క చెల్లీ. మంచు పడే రోజుల్లో గోడ పక్కకి జరిపి, నీళ్ళు బాగా తగ్గించి వదిలెయ్యాలి, అంతే. అడిగే మనిషి ఒక్క అంతస్తు కింద ఉండగా నేను మూడు నెలలు అడగలేదు.

కరివేపాకు మొక్క ఇండియా నుంచి తెచ్చుకోవచ్చా అన్నావు. ఫైటోసానిటరీ సర్టిఫికెట్, అంటే మొక్కకి తెగుళ్ళు లేవని ఇచ్చే కాగితం, లేకుండా మొక్కలూ పచ్చి ఆకులూ తేకూడదు, కస్టమ్స్ సైట్‌లో చూసుకో. సామాన్ల గురించి మీరు పడే టెన్షన్‌లో సగం మనుషుల గురించి పడరు, కొత్తగా వచ్చిన అందరిలోనూ నేను చూసేది ఇదే.

ఇప్పుడు ఆ కట్ట వాడిపోకముందే సగం తలకిందులుగా నీడలో వేలాడదీయి, వారంలో పెళుసుగా ఎండుతుంది. ఆకులు నలపకుండా సీసాలో పెట్టు. మిగతా సగంతో ఆవిడ దగ్గరికి వెళ్ళు. ఉత్త చేతుల్తో వెళ్ళకు, నాలుగు చేగోడీలు చేసి తీసుకెళ్ళు, కారం తగ్గించు. ఫ్రెంచి రాదని భయపడకు, ఆకు చూపించి ఎలా చెయ్యాలో చూపించమను, ఆవిడే వంటింట్లోకి తీసుకెళ్తుంది. ఏడున్నరకి వెళ్ళకు, భోజనం వేళ. ఐదింటికి వెళ్ళు.