గంధకం మారింది, పోలేదు

ప్రశ్న: ఎమ్మెస్సీ ప్రాజెక్టులో ఆక్టేన్‌లో డైబెంజోథయోఫిన్ (డీజిల్‌లో ఉండే ఒక గంధక సమ్మేళనం) కలిపి, టైటానియం డయాక్సైడ్, హైడ్రోజన్ పెరాక్సైడ్ వేసి అతినీలలోహిత దీపం కింద ఉంచాం. గ్యాస్ క్రొమటోగ్రఫీలో దాని పీక్ తగ్గింది, మొత్తం గంధకం తగ్గలేదు. ఎందుకని? ఇదే పద్ధతి డీజిల్‌కు పనికొస్తుందా?

జవాబు: మీ ఉత్ప్రేరకం, అంటే టైటానియం డయాక్సైడ్ పొడి, పనిచేసింది. డైబెంజోథయోఫిన్ సల్ఫోన్‌గా (గంధకానికి రెండు ఆక్సిజన్లు చేరిన రూపంగా) మారింది, కానీ కరిగో, సన్నని రేణువులుగానో ఆక్టేన్‌లోనే ఉండిపోయింది. దాన్ని బయటికి లాగాలి. సమాన పరిమాణంలో అసిటోనైట్రైల్ పోసి కలియబెట్టండి. ధ్రువస్వభావమున్న సల్ఫోన్ అందులోకి దిగుతుంది. పొరలు విడిపోయాక పైనున్న ఆక్టేన్ తీసుకుని, నీటితో కడిగి, మొత్తం గంధకం కొలవండి.

500 పీపీఎం (పది లక్షల భాగాల్లో 500) గంధకానికి 100 మి.లీ. ఆక్టేన్‌లో డైబెంజోథయోఫిన్ సుమారు 0.2 గ్రాములు చాలు. ఒక్కో గంధక పరమాణువుకు రెండు పెరాక్సైడ్ అణువులు కావాలి. నాలుగు వేస్తే 30 శాతం ద్రావణం 0.45 మి.లీ. అవుతుంది. అంతకుమించి పోయకండి, అదనపు నీరు పొడిని ముద్దకట్టిస్తుంది.

దీపం వెలిగించే ముందు అరగంట చీకట్లో కలియబెట్టి నమూనా తీయడం తప్పనిసరి. లేకుంటే పొడికి అంటుకున్నదంతా కాంతి ఘనతగా లెక్కలోకి వస్తుంది. అనాటేజ్‌కు (టైటానియం డయాక్సైడ్ స్ఫటిక రూపాల్లో ఒకటి) 388 నానోమీటర్ల లోపు కాంతి కావాలి; 365 నానోమీటర్ల ఎల్‌ఈడీ మంచిది. ఆక్టేన్ తేలిగ్గా అంటుకుంటుంది, వేడెక్కే దీపాలు దగ్గర పెట్టకండి. పెరాక్సైడ్ మిగిలిన ద్రావణాన్ని ఎప్పుడూ మరిగించి స్వేదనం చేయొద్దు.

డీజిల్ విషయం వేరు. అందులోని ఆరోమాటిక్‌లు కాంతిని తామే పీల్చుకుంటాయి, ఉత్ప్రేరకం మీద చోటుకూ పోటీపడతాయి. బీఎస్-6 (మన దేశపు వాహన కాలుష్య ప్రమాణం) ప్రకారం డీజిల్‌లో గంధకం పరిమితి 10 పీపీఎం. ఆక్టేన్ ఫలితం చూసి అది అందుతుందని రాయకండి.